వడ్డన శివారు నుంచి

"నలభై మంది వస్తారు పల్లాలమ్మా,
చేతిలోకి ఏదైనా చూడు,
విస్తళ్లూ గిస్తళ్లూ పెట్టుకోకు" అని
నీటిసంఘం గుమాస్తా పొద్దున్నే చెప్పి పోయాడు.
డబ్బులు మాత్రం ఇరవై మందికిచ్చాడు.

నాకూ అదే నయం.
విస్తరి వేస్తే బంతి కావాలి,
బంతి అన్నాక మొదటిదుంటుంది, కడదుంటుంది,
ఎవరి పక్కన ఎవరన్నది
గొంతు దిగని ముద్దవుతుంది.
వేరుశనక్కాయకి అవేం తెలీవు.
ఉప్పేసి ఉడకేసి పాత పేపరు మీద కుప్ప పోస్తే
ఏ వేలు నొక్కినా ఒకలాగే విచ్చుకుంటుంది.

కట్టెల పొయ్యి మీద అవీ, గ్యాసు మీద మూకుడూ.
ముమ్మిడివరం సంతలో ఏరిన బుల్లి టమాటాలు
శనగపిండిలో ముంచి, చుయ్యిమనిపించి,
పొట్ట కోసి ఉల్లిపాయా కొత్తిమీరా కూరి
పైన నిమ్మచుక్క.
ఏసుపాదం కోడలు కొబ్బరిచెక్కలు తెచ్చింది,
బెల్లం తనే చిదిపింది.
తేగలు చీలుస్తూ లోపలి చందమామలన్నీ
దాని పిల్లాడే తినేశాడు. తిననీ.
మరమరాలు మాత్రం ఆఖర్న.
ముందే కలిపిన మరమరాలూ
ఎలక్షన్లో ఇచ్చిన మాటా
గంటకల్లా మెత్తబడతాయి.

లాకుల పక్క షెడ్డులో మీటింగు.
ఎగువ ఊళ్లవాళ్లు ఫ్యాను కింద కుర్చీల్లో,
నడిమి ఊళ్లు బల్లల మీద,
మా శివారువాళ్లు గుమ్మం బయట, చెప్పుల పక్కన.
కాలువ ఎలా పారుతుందో
షెడ్డూ అలాగే కూర్చుంది.

నీరు పల్లమెరుగు అంటారు.
ధవళేశ్వరంలో వదిలినప్పుడు
బుద్ధిగానే బయల్దేరుతుందట.
నా పేరులోనే పల్లం ఉంది,
దాని మొహం చూసి పదకొండు రోజులైంది.
మొన్న దాళ్వా మడి నెర్రెలో
చిటికెనవేలు దూరింది.
నిన్న బొటనవేలు.

ప్రెసిడెంటు భైరవమూర్తి గారు
వంతుల కాగితం చదువుతున్నారు:
ఎగువకి నాలుగు రోజులు,
నడిమికి మూడు,
శివారుకి మిగిలింది.

పళ్లెం ఎత్తాను.
ఏటేటా ఫ్యాను కిందనుంచే మొదలెట్టేదాన్ని,
ఇవాళ కాళ్లు గుమ్మం వైపు తిరిగాయి.
ఏసుపాదం రెండు బజ్జీలు తీసి
ఒకటి మళ్లీ పళ్లెంలో పెట్టాడు,
"లోపల పెద్దలున్నారు కదమ్మా."
"తీసుకో బాబాయ్, ఇవాళ నువ్వే ఎగువ."

కావాలని చేశాననుకుంటారేమో.
సగం కావాలనే.

కుర్చీల దాకా వచ్చేసరికి
పళ్లెంలో నాలుగు ఉల్లిముక్కలూ ఓ నూనె మరకా.
ఆయన పళ్లెం చూశారు, నన్ను చూశారు,
గుమ్మం బయట కదులుతున్న దవడలు చూశారు.
"ఏంటి పల్లాలమ్మా, మా దాకా రాలేదా?"
"ఆయ్, వస్తాయండి. మిగిలితే."

ఎవరో కిసుక్కుమన్నారు.
ఆయనా నవ్వారు, కాస్త ఆలస్యంగా.
తర్వాత పంచె ఎగ్గట్టుకుని వచ్చి
గుమ్మంలో గొంతుక్కూర్చుని
శనక్కాయల కుప్పలో చెయ్యి పెట్టారు.
అవతల్నుంచి ఏసుపాదం చెయ్యీ అందులోనే ఉంది.
కాసేపు తొక్కల చప్పుడు తప్ప
నీళ్ల మాట ఎవరూ ఎత్తలేదు.

అందరూ వెళ్లాక ఊడుస్తుంటే
తొక్కల్లో వంతుల కాగితం దొరికింది.
"మిగిలింది" అన్న చోట నూనె మరక,
పక్కన పెన్సిలుతో "రెండు",
అది కొట్టేసి "చూద్దాం".

మూకుడు అడుగున బజ్జీ ఒకటి నలిగి ఉంది, తిన్నాను.
గిన్నెలు తోమకుండానే
టార్చిలైటు పట్టుకుని గట్టెక్కి
నెర్రెలో వేలు పెట్టి చూశాను.
వేలికింకా శనక్కాయల ఉప్పుంది.
తడి సంగతి
తెల్లారితే గానీ తెలీదు.